సుద్దగీతల వంటిల్లు

"అత్తయ్యా, మీరు ఫ్రిజ్‌లో కూర్చున్నారు," అంది కోడలు.

టీచరమ్మ వంగి చూసుకుంది. నిజమే. చక్రాల కుర్చీ వెనక చక్రాలు రెండూ హాల్లో నేల మీద సుద్దతో గీసిన చదరంలోకి దూరిపోయాయి. ఎవరికీ అనుమానం రాకుండా మేస్త్రి దాని మధ్యలో 'ఫ్రిజ్' అని రాసి కూడా పెట్టాడు.

"తలుపు వేసుందా, తీసుందా?"

"వేసే ఉంది."

"అదా సంగతి. చల్లగా లేదేమా అనుకుంటున్నాను."

కోడలు నవ్వలేదు. పొద్దుట్నుంచీ ఆ ఇంట్లో ఎవరూ నవ్వే ఉద్దేశంలో లేరు.

వంటిల్లు పడగొట్టి వారం దాటింది. అదున్న చోట బోడి గోడలు, వాటిలోంచి నాలుకలు చాపుకుని రెండు పైపులు మిగిలాయి. పెరటి వరండాలో వాషింగ్ మిషను పక్కన ఒంటి పొయ్యి మీద వంట. గరిటెలు టీవీ వెనక, చక్కెర చెప్పుల స్టాండు పై అరలో. కుక్కరు మూత ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు. దాని స్థానంలో ఒక స్టీలు పళ్ళెం తాత్కాలికంగా కాపురం చేస్తోంది.

హాల్లో సోఫాలు గోడకి నెట్టేసిన ఖాళీలో మాత్రం కొత్త వంటిల్లు వెలిసింది. నిలువెత్తు అరలూ, రాతి గట్టూ, సొరుగులూ అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నీ నేలకి అతుక్కుని ఉన్నాయి.

అది మేస్త్రి పద్ధతి. డిజైను గీసిన అమ్మాయి ఇచ్చిన రంగుల కాగితాన్ని అతను మర్యాదగా చూశాడు, మర్యాదగా మడిచాడు, జేబులో పెట్టుకుని మళ్ళీ బయటికి తియ్యలేదు.

"కాగితం మీద అందరూ సన్నగానే ఉంటారమ్మా," అన్నాడు. "ఈ గీతల్లో ఒక పూట వండి చూడండి. కుదిరిందంటే సాయంత్రం వచ్చి నేల మీది గీతల్నే కొలుచుకుంటా. ఆ తరవాత మాట మార్చకండి. రేప్పొద్దున చెక్క కోసే మిషను మనది. అది తప్పితే మళ్ళీ నెల్లాళ్ళకి గానీ దొరకదు. కోసిన చెక్క అతకదు."

అందుకని అత్తాకోడళ్ళు పొద్దుట్నుంచీ లేని గిన్నెలతో, లేని మంట మీద వంట చేస్తున్నారు.

గీతలంటే టీచరమ్మకి కొత్త కాదు. రిటైరయ్యేదాకా బడిలో డ్రిల్లు టీచరు. నేల మీద సున్నంతో ఆవిడ గీసినన్ని గీతలు ఆ ఊళ్ళో ఇంకెవరూ గీసి ఉండరు. గీత దాటిన పిల్లల్ని ఈల వేసి బయటికి పంపడంలో ఆవిడకి జాలి లేదని పేరు. తుంటి ఎముక విరిగాక ఈల బీరువాలోకి వెళ్ళిపోయింది, ఆవిడ కుర్చీలోకి వచ్చింది. జాలి లేకపోవడం మాత్రం ఎక్కడికీ పోలేదు.

"మళ్ళీ గుమ్మం దగ్గర్నుంచి మొదలుపెడదాం," అంది.

"ఇది నాలుగోసారి అత్తయ్యా."

"నలభయ్యోసారి కానీ. నాకేం బస్సుందా?"

సుద్ద గుమ్మంలోంచి కుర్చీ లోపలికి దొర్లింది. ఎడమ పక్క గోడవారగా ఫ్రిజ్, సింకు, దాని పక్కన కింద అరలేమీ లేకుండా, కూర్చున్న మనిషి మోకాళ్ళు దూరేట్టు ఒక పొట్టి గట్టు. ఆ పొట్టి గట్టు కోసం మొన్న టీచరమ్మ రెండు పూటలు ఎవరితోనూ మాట్లాడకుండా పోరాడి గెలిచింది. కుడి పక్క, గదికి నడిమధ్యన, కోడలి మధ్యగట్టు. దాని మీద పొయ్యి.

టీచరమ్మ పొట్టి గట్టు ముందు ఆగి, లేని కత్తితో లేని ఉల్లిపాయలు తరిగింది.

"ఇటివ్వండి, నూనె కాగిపోతోంది," అంది మధ్యగట్టు అవతల నుంచి కోడలు.

"ఇంకా రెండున్నాయి."

"ఇంతసేపా?"

"కళ్ళు మండుతున్నాయమ్మాయ్. నువ్వు పెద్దవి కొన్నావ్."

ఒక్క క్షణం కోడలి పెదవి చివర ఏదో కదిలింది. సోఫాలో కాళ్ళు ముడుచుకుని లాప్‌టాప్‌లో తలదూర్చిన కొడుకు కూడా ఆశగా తలెత్తాడు.

తరగడం అయింది. ఇప్పుడు వెనక్కి తిరగాలి.

కుర్చీ సగం తిరిగేసరికి వెనక చక్రం మధ్యగట్టులోకి వెళ్ళిపోయింది. ముందుకి జరిపి తిప్పితే పాదాల పలక సింకు అరలోకి వెళ్ళింది. ఇటు కొంచెం, అటు కొంచెం. ఇరుకు సందులో లారీ తిప్పినట్టు తిప్పీ తిప్పీ, చివరికి తిప్పడం మానేసి అలాగే వెనక్కి నడిపించింది. గుమ్మం ఎక్కడుందో వీపుకి కనబడదు కదా. ఇందాకటిలాగే ఫ్రిజ్‌లో తేలింది.

"గీత తొక్కారు," అంది కోడలు మెల్లగా.

"తొక్కాను. నాకు కనబడదా? మధ్యగట్టు ఒక జానెడు తగ్గిస్తే తిరుగుతుంది."

"ఆ జానెడు తగ్గిస్తే దాని మీద పొయ్యి పట్టదు అత్తయ్యా."

"పొయ్యి గోడ పక్కకి పెట్టుకో."

కోడలు చేతిలో లేని గరిటెని పక్కన పెట్టింది. పెట్టిన తీరు చూస్తే అది నిజంగానే చప్పుడైనట్టు అనిపించింది.

"పెళ్ళైన దగ్గర్నుంచీ గోడకేసి చూస్తూనే వండాను. వెనకాల భోజనాల బల్ల దగ్గర మీరంతా ఏదో అనుకుని నవ్వుకునేవాళ్ళు. నాకు సగం మాట వినబడేది. ఏంటీ అని తిరిగేసరికి నవ్వడం అయిపోయేది. ఈ గట్టు మధ్యలో ఉంటే నేను బల్లకేసి తిరిగి వండుతాను. నాకు కావాల్సింది అంతే. బంగారమేం అడగలేదు."

టీచరమ్మకి తెలియని సంగతి అది. ఆ నవ్వుల్లో సగం ఆవిడ వేసిన జోకులవే.

"అసలు మీరు తిరగాల్సిన అవసరం ఏముంది?" కోడలి గొంతు కొంచెం తగ్గింది. "పొద్దున నేను తోసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతాను. అయిపోయాక ఒక్క కేకెయ్యండి, నేనే బయటికి లాక్కొస్తాను."

"పార్సిల్‌లాగానా?"

"అలా అనలేదు."

"లోపలికి రావడం, బయటికి పోవడం, రెండూ నా ఇష్టం మీద జరగాలి. లేకపోతే ఆ పొట్టి గట్టు కూడా వద్దు. తీసేసి దాని కింద నీ సొరుగులు పెట్టించుకో."

"ఎవరూ చూడకుండా లోపలికొచ్చి మళ్ళీ పడితే? తుంటి విరిగినప్పుడు నేల మీద ఎంతసేపున్నారో మీకు గుర్తుందా? నాకుంది. తలుపు తీసి మిమ్మల్ని చూసింది నేను."

వరండాలో పళ్ళెం మూత కింద అన్నం ఒకటే గొణుగుతోంది.

కొడుకుకి ఆ నిశ్శబ్దం భరించలేనిదిగా తోచింది. అతను ఇంట్లో ఏ గొడవైనా ఇద్దరికీ సమానంగా మాటలు పంచి బయటపడే మనిషి.

"అమ్మా, పోనీ నీకు హాల్లోనే కిటికీ దగ్గర మంచి బల్ల వేయిస్తాను. వెలుతురొస్తుంది, గాలొస్తుంది. కూరగాయలు అక్కడే తరుక్కోవచ్చు."

టీచరమ్మ కొడుకుని పైనుంచి కిందికి చూసింది.

"ఆట జరిగేది లోపల, నన్ను మాత్రం గట్టున కూర్చోబెట్టి మంచినీళ్ళు అందించమంటావ్. అంతేనా?"

"అలా కాదమ్మా…"

"నీకు మీటింగుందేమో చూసుకో."

అతనికి నిజంగానే మీటింగున్నట్టు గుర్తొచ్చింది. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, ఫ్రిజ్ మీదుగా, సింకు తొక్కుకుంటూ లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు.

కోడలు అన్నం దించడానికి వరండాలోకి వెళ్ళింది. దారిలో గోడకి ఆనించిన రాతిపలక దగ్గర ఒక్క క్షణం ఆగింది. మధ్యగట్టుకోసం తనే దుకాణాలన్నీ తిరిగి ఎంచుకున్న బూడిదరంగు పలక. దాటి వెళ్ళినప్పుడల్లా దాన్ని అరచేత్తో ఒకసారి నిమురుతుంది. ఇప్పుడూ నిమిరింది. టీచరమ్మ అది చూసింది. చూడకుండా ఉంటే బాగుండేది.

హాల్లో ఆవిడ ఒక్కతే మిగిలింది. కిటికీ గూట్లో మేస్త్రి వదిలేసిన సుద్దముక్క. కుర్చీ చేతికి తగిలించిన చేతికర్ర. టీపాయ్ మీద తడిగుడ్డ.

ఎంత? ఒక జానెడు, అనుకుంది. నోటితో అడిగితే వాదన. వాదనైతే మళ్ళీ ఆ నేలా, ఆ తలుపూ అన్నీ వస్తాయి. అడక్కపోతే ఎవరికి తెలుస్తుంది? గట్టు పూర్తయ్యాక కోడలే సర్దుకుంటుంది. మనుషులు సర్దుకుంటారు. తను సర్దుకోలేదా, ఈ కుర్చీకి?

ఈ చివరి ముక్క అంత నిజం కాదని ఆవిడకి తెలుసు. అయినా తడిగుడ్డని చేతికర్ర కొసకి చుట్టింది. మధ్యగట్టు ఇవతలి గీతని చెరిపింది. నడుం పట్టేసినా సరే, వంగి, ఒక జానెడు అవతలగా కొత్త గీత గీసింది. గీసినంతసేపూ ఊపిరి బిగబట్టింది. నడుమెత్తి చూసుకుంటే ముచ్చటేసింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు.

ఆ ముచ్చటే కొంప ముంచుతుందని అప్పుడు తోచలేదు.

మేస్త్రి చెప్పిన వేళకే వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. అతని వెనకాలే కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మీటింగు అయిపోయిందో, చప్పుడు విని ఆపేశాడో, కొడుకు కూడా వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు.

"వంట కుదిరిందా?" అన్నాడు మేస్త్రి.

ఎవరూ జవాబు చెప్పలేదు. అది కుదరలేదని చెప్పడమే గనక అతను రెట్టించలేదు. ఫ్రిజ్ కొలిచాడు, సింకు కొలిచాడు. మధ్యగట్టు దగ్గరికొచ్చి ఆగిపోయాడు. తల ఒక పక్కకి వంచాడు. ఇంకో పక్కకి వంచాడు.

అతని గీతలన్నీ చేతిపని గీతలు. ఎక్కడో చోట కొంచెం వణికి, కొంచెం లావై, నేల మీది గతుకులకి అనుగుణంగా ఒదిగినవి. వాటి మధ్యలో ఈ ఒక్క గీతా సూది దారంలా, మొదలు నుంచి చివరికి ఒకే మందంలో మెరుస్తోంది. చివర్లో, ఆటస్థలాల్లో వేసినట్టు, మూలకి చిన్న అడ్డగీత కూడా ఉంది. ఆ అడ్డగీత వేసినట్టు టీచరమ్మకే గుర్తు లేదు.

"ఇది నాది కాదే," అన్నాడు మేస్త్రి. "ఎవరు గీశారు?"

టీచరమ్మ కిటికీలోంచి బయటికి చూసింది. బయట చూడ్డానికేమీ లేదు.

"నేనే," అంది కోడలు.

మేస్త్రి ఆమె కేసి చూశాడు. "మీరా? ఇలా అయితే మధ్యగట్టు మీద పొయ్యి రాదమ్మగారూ. గోడ పక్కకి మార్చాలి. మరి ఆ పలక…"

"తెలుసు. కొలుచుకోండి."

"మళ్ళీ మారుస్తానంటే కుదరదు."

"మార్చను. రాసుకోండి."

మామూలుగానే అంది. గొంతులో కోపం లేదు, దెప్పడం లేదు. అత్తగారి వైపు కన్నెత్తి చూడను కూడా లేదు. బయటి మనిషి ముందు ఇంటి పెద్దావిడ పరువు తియ్యకూడదని అనుకున్న మనిషి మొహం అలాగే ఉంటుంది.

మేస్త్రి చెవి మీది పెన్సిలు తీశాడు.

తిట్టి ఉంటే టీచరమ్మ తట్టుకునేది. తిట్టుకి తిట్టు ఆవిడ దగ్గర ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది. ఇలా నోరు మూసుకుని గెలిపిస్తే ఏం చెయ్యాలో ఏ ఆటలోనూ ఎవరూ నేర్పలేదు.

"ఆగండి మేస్త్రీ," అంది. "ఆ గీత నాది. చెరిపెయ్యండి."

"అత్తయ్యా, పోనివ్వండి."

"నువ్వుండు. ఇంకో జోకు వేసి, నువ్వు వెనక్కి తిరిగేలోపల నవ్వేసే ఓపిక నాకు లేదు. పొయ్యి మధ్యలోనే ఉంటుంది." ఆవిడ కుర్చీని గీతల మధ్యకి నడిపించింది. "మేస్త్రీ, మధ్యగట్టు అటు జరగదు. సరే. మరి నేను తిరగాలంటే ఇటు జరగాలి. ఇటేముంది?"

"ఇటు గోడమ్మా."

"గోడ అవతల?"

మేస్త్రి ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "మీ గదేగా."

"నా గదే. అయితే అడగాల్సింది నన్నేగా. ఆ గోడ జరుగుతుందా?"

"పాత గట్టు పగలగొట్టినప్పుడు చూశాను. తరవాతెప్పుడో కట్టిన అడ్డుగోడ. పైన బరువేమీ లేదు. తీసి ఒక మూరెడు మీ గదిలోకి కట్టొచ్చు." అతను కోడలి వైపు, కొడుకు వైపు, మళ్ళీ కోడలి వైపు చూశాడు. "కట్టొచ్చంటున్నాను. కట్టమనట్లేదు."

కోడలు వంగి తడిగుడ్డ తీసుకుంది. ముందు అత్తగారి గీత తుడిచింది. తరవాత ఒక క్షణం ఆగి, గోడ అని జంటగీతలు గీసి ఉన్న చోట తుడిచింది. మేస్త్రి మధ్యగట్టు గీతని పాత చోటే మళ్ళీ గీశాడు. మూరెడు అవతల కొత్త జంటగీతలు గీసి, ఫ్రిజ్, సింకు, పొట్టి గట్టు గీతల్ని వాటి పక్కకి జరిపాడు. టీచరమ్మ గుమ్మంలోంచి లోపలికొచ్చింది. పొట్టి గట్టు దాకా వెళ్ళింది. కుర్చీని ఒక్క తిప్పు తిప్పింది. ఏ గీతా తొక్కకుండా, ఎవరి చెయ్యీ పడకుండా బయటికొచ్చి ఆగింది.

"ఏమండీ, చూశారా?" అంది కోడలు, భర్తతో.

అతను తలూపాడు. అతనికి పెద్ద గండం గడిచినట్టుంది.

"గది కూడా ఒకసారి చూసుకుందాం," అన్నాడు మేస్త్రి.

నలుగురూ టీచరమ్మ గదిలోకి వెళ్ళారు. మేస్త్రి గోడ నుంచి మూరెడు కొలిచి నేల మీద గుర్తు పెట్టాడు. మంచం కేసి చూశాడు. మంచానికీ కిటికీ గోడకీ మధ్య సందు కేసి చూశాడు. గోడ ఇవతలికొస్తే మంచం అవతలికి జరగాలి. మంచం అవతలికి జరిగితే ఆ సందు ఉండదు. కుర్చీ వచ్చి ఆగేది ఆ సందులోనే.

"వంటింట్లో హాయిగా తిరగొచ్చమ్మా," అన్నాడు. "పడుకోడానికి మాత్రం గుమ్మం దగ్గర్నుంచి ఎగరాలి."

"మంచం పెద్దది," అంది టీచరమ్మ.

"జంట మంచం కదమ్మా. ఇది తీసేసి ఒంటి మంచం కొనుక్కుంటే సరిపోతుంది."

"కొత్త మంచాలు నా కాళ్ళకి అందవు. ఎత్తు నప్పక పోయినసారి ఆస్పత్రిలోనే జారబోయాను. దీని ఎత్తు నాకు అలవాటు." ఆవిడ మంచం కేసి చూడకుండానే చెప్పింది. "దీన్నే సగానికి కోసి ఒంటి మంచం చెయ్యండి. సగమే వాడుతున్నాను."

మేస్త్రి మంచం పట్టె మీద వేళ్ళతో తట్టాడు. "గట్టి కర్ర. ఇలాంటిది ఇప్పుడు దొరకదు. కోశానంటే మళ్ళీ మామూలుగా చెయ్యడం నా తరం కాదు."

"మామూలుగా చెయ్యమని ఎవరూ అడగరు."

"నాన్న మంచాన్నా?"

ముగ్గురూ తిరిగి చూశారు. కొడుకు గుమ్మం వదిలి లోపలికొచ్చాడు. ఎవరికీ సమానంగా మాటలు పంచే ప్రయత్నం చెయ్యలేదు. తిన్నగా వెళ్ళి మంచం మీద, గోడవైపు సగంలో, వాళ్ళ నాన్న పడుకునే వైపు కూర్చున్నాడు. ముడత లేని దుప్పటి మీద రెండు చేతులూ ఆనించుకున్నాడు.

"గోడలు జరుపుకోండి. పొయ్యిలు జరుపుకోండి. నేనేమన్నా అన్నానా? ఇది మాత్రం కాదు," అన్నాడు.

"నువ్వు పడుకుంటున్నావా దీని మీద?" అంది టీచరమ్మ.

"లేదు."

"నేను పడుకుంటున్నాను. పొద్దున లేచి అటు చూస్తాను. తరవాత రోజంతా ఎక్కడికి పోవాలో తెలియక ఇదే గదిలో కూర్చుంటాను. నాకు పోవడానికి ఒక చోటు కావాలి నాన్నా."

అతను లేవలేదు.

కోడలు అత్తగారి కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "అత్తయ్యా, ఇవాళ్టికి ఆపుదాం. మిషను పోతే పోనివ్వండి. ఇంకో నెల ఆ ఒంటి పొయ్యి మీదే వండుతాను. నాకేం కష్టం లేదు. ఆయన్ని కాస్త ఆలోచించుకోనివ్వండి. మీరూ ఆలోచించుకోండి."

"అదే వద్దంటున్నాను," అంది టీచరమ్మ. "ఒక్క రాత్రి ఆలోచిస్తే నేను మనసు మార్చుకుంటాను. అందుకే ఇప్పుడే. మేస్త్రీ, కొలవండి."

మేస్త్రి ముగ్గురి మొహాలూ చూశాడు. టేపు బయటికి లాగి, దాని కొసని కిటికీవైపు పట్టెకి ఆనించాడు. మంచం మీదుగా అడ్డంగా లాగాడు. రేకు టేపు సన్నగా చప్పుడు చేస్తూ సాగి సాగి, కొడుకు మోకాలి దగ్గర ఆగింది.

"బాబుగారూ," అన్నాడు మేస్త్రి. "కాస్త జరగండి."

అతను జరగలేదు.